సాదా అద్దాల డాక్టరు

మా వీధిలో కళ్ళజోళ్ళ షాపాయన్ని అందరం డాక్టరు అనేవాళ్ళం. ఆ చదువు ఎక్కడ చదివాడని మాత్రం అడక్కండి. నేను ఐదో తరగతి చివర్లో బడి మానేశాను, ఆయన ఆరో తరగతి మొదట్లో మానేశాడు. అంటే నాకంటే ఒక వేసవి సెలవులంత ఎక్కువ చదివాడన్నమాట. అయినా ఆ తెల్లకోటు తొడుక్కుని, జేబులో చిన్న టార్చిలైటు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడంటే, పోతున్న ప్రాణం కూడా ఒక్క నిమిషం ఆగి, నమస్కారం పెట్టి మరీ పోయేది.

నా ఇస్త్రీ బల్ల ఆ షాపుకి సరిగ్గా ఎదురు. మధ్యలో వీధి ఎంతుంటుంది, ఒక దుప్పటి ఆరేసినంత. ఇరవై ఏళ్ళు అక్కడే నిలబడి ఊళ్ళోవాళ్ళ ముడతలన్నీ తీశాను. ఆ షాపులోకి ఈగ వెళ్ళినా దానికి ఎంత పవరు వచ్చిందో నాకు తెలిసిపోయేది. కాబట్టి నేను చెప్పేదాంట్లో ఉప్పూ కారం ఓ చిటికెడు ఎక్కువ పడితే పడొచ్చు గానీ, కూర మాత్రం నిజం.

షాపు మొదట ఆయనది కాదు, మామగారిది. ఆ పెద్దాయన రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే అయిదోది అప్పు చేసినట్టు బాధపడేవాడు. పొద్దస్తమానం చక్రం ముందు కూర్చుని అద్దాలు అరగదీసుకునేవాడు. ఆయన పద్ధతి ఒకటుండేది. వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా గోడమీది అక్షరాల చార్టు చదివించేవాడు. చదవలేకపోతే అద్దం వేసేవాడు. చివరి వరస దాకా గడగడా చదివేసి కూడా "ఏదో తేడాగా ఉందండీ" అన్నాడా, వాడికి అద్దం అమ్మేవాడు కాదు. రెక్క పట్టుకుని పెద్దాసుపత్రికి తోలేసేవాడు. "చదివేవాడు ఏడుస్తున్నాడంటే అది నా అద్దానికి అందే ఏడుపు కాదు" అనేవాడు. ఆ రోజుకి ఆ మాటలతో కోటా అయిపోయేది.

ఆయనకి ఒక్కతే కూతురు. ఆమే మా వదిన. ఆమెని షాపులో పనిచేసే ఈయనకిచ్చి చేశాడు. పెద్దాయన పోయిన నెల తిరక్కుండానే అల్లుడు చక్రం మూలన పెట్టి కోటు కుట్టించుకున్నాడు.

ఇక సాదా అద్దం ఎలా పుట్టిందో వినండి. రిటైరైన పంతులుగారు ఒకాయన వచ్చాడు. పేపర్లో అక్షరాలు చీమల్లా పాకుతున్నాయన్నాడు. చార్టు పెడితే కింద ప్రెస్సువాడి పేరుతో సహా చదివేశాడు. మామగారైతే ఆసుపత్రికి తోలేవాడు. ఈయన, బేరం పోతుందని, అలమారాలో బొమ్మకి పెట్టిన ఫ్రేము తీసి ముక్కుమీద పెట్టాడు. అందులో ఉన్నది పవరు లేని ఒట్టి గాజు. కిటికీకి వేసుకునే గాజుకీ దానికీ చెల్లెలి వరస.

"ఇది కొత్త రకం పంతులుగారూ. పెట్టగానే తేలదు. కొంచెం నమ్మకంగా చూడండి" అన్నాడు.

పంతులుగారు నమ్మకంగా చూశాడు. పేపరు తిప్పాడు. వీధిలోకి చూశాడు. నా బల్ల మీదున్న చొక్కా గుండీలు లెక్కపెట్టాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఇన్నాళ్ళూ నేను గుడ్డోడిలా బతికానురా!" అని ఈయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో ఈయన పొట్ట పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేశాడు. "చెల్లాయ్, ఒట్టి గాజే! ఒట్టి గాజు!" అని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పక్క కొట్టు దర్జీ కూడా కత్తెర కింద పెట్టి నవ్వాడు. నేను నవ్వలేదంటే నా నాలుక ఊడిపోతుంది. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను.

ఆ రోజునుంచి ఈయనకి జ్ఞానోదయం అయిపోయింది. చార్టు చదివి కూడా ఏడ్చేవాళ్ళందరికీ ఒట్టి గాజే. నూటికి ఎనభై మంది బాగా కనిపిస్తోందని వచ్చి చెప్పేవాళ్ళు. చెప్పనివాళ్ళకి ఫ్రేము మార్చేవాడు. అప్పుడు వాళ్ళూ చెప్పేవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి షాపు మెట్టుమీద కూర్చుని మాకు బోధ.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని వెక్కిరిస్తారు. ఎందుకురా వెక్కిరింపు? వాడికి పచ్చగా కనిపిస్తే వాడి లోకం పచ్చనే! బయట వేరే లోకం ఉందని ఎవడు చూశాడు? చూసినవాడు కూడా కంటితోనే చూశాడుగా. కాబట్టి లోకం బయట లేదు. ఇదిగో, ఇక్కడుంది" అని నుదుటి మీద వేలితో టకటకా కొట్టుకునేవాడు.

"మరి నువ్వు నాకు బాకీ ఉన్న మూడు చొక్కాల కుట్టుకూలి కూడా లోపలే ఉందా, బయటుందా?" అనేవాడు దర్జీ.

"నువ్వు గుర్తు చేసుకోకపోతే లేనట్టే గదా."

అలా నవ్వులతో గడుస్తున్న రోజుల్లోనే ఒక పొద్దున వదిన షాపులోకి వచ్చి ఆ కుర్చీలో తనే కూర్చుంది.

వదిన సంగతి చెప్పాలి. ఇంట్లో మిషను పెట్టుకుని దర్జీకి కాలర్లు, కఫ్‌లు కుట్టేది. ఎంత సన్నటి సూదైనా దారం మొదటి పోటుకే ఎక్కించేది. వేళాకోళం కూడా అలాగే ఎక్కించేది, గుచ్చిన నొప్పి మనకి ఇంటికెళ్ళాక గానీ తెలిసేది కాదు. అలాంటి మనిషి ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా కూర్చుంది.

"ఏవండీ, నాకు పక్కలు కనపడటం లేదండీ."

"పక్కలేమిటే?"

"ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తోంది. అటూ ఇటూ ఎవరో తలుపులు దగ్గరకేసినట్టుంది. రోజురోజుకీ ఇంకొంచెం దగ్గరకేస్తున్నట్టుంది."

ఆయన చార్టు చూపించాడు. వదిన పై వరస నుంచి కింది వరస దాకా చదివింది. తిరగేసి చదవమన్నాడు. తిరగేసి చదివింది. ఒక కన్ను మూసి చదివింది, రెండోది మూసి చదివింది.

"ఇంక నీకేం రోగమే? గద్ద కూడా ఇంత చదవదు!"

"గద్దకి చదువెక్కడిదండీ" అంది వదిన. నవ్వలేదు. "చదువుతున్నాను. కానీ కనపడటం లేదు. మా నాన్న ఉంటే..."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం మాడిపోయింది. బంగారు రంగు ఫ్రేము ఒకటి తీసి, అందులో ఒట్టి గాజు బిగించి, పెళ్ళాం ముక్కుమీద పెట్టాడు. "ఇది వేరే దేశపు అద్దం. వారం రోజులు అనుమానం పెట్టుకోకుండా చూడు."

అనుమానం పెట్టుకోకుండా చూసింది పాపం. వారం తర్వాత నా దగ్గరికి వచ్చి, "కొంచెం నయమే అనిపిస్తోంది అమ్మాయ్" అంది. అని వెనక్కి తిరిగి, నా బల్ల పక్కనే నిలబడ్డ కరెంటు స్తంభానికి భుజం కొట్టుకుంది.

ఇక అక్కణ్ణుంచి మా వీధికి వినోదం మొదలైంది. వదిన ద్వారబంధాలకి తగిలేది. పక్కనుంచి సైకిల్ వస్తే దానికి ఎదురెళ్ళేది. పలకరించినవాళ్ళని దాటి వెళ్ళిపోయేది. పొగరన్నారు. తర్వాత కోడిలా తల అటూ ఇటూ తిప్పుతూ నడవడం నేర్చుకుంది. దిష్టి చూపులన్నారు. దర్జీ ఆమెకి 'ఢీ వదిన' అని పేరు పెట్టాడు. రెండు రోజుల్లో వీధందరి నోటికీ ఎక్కేసింది.

"సూది బెజ్జం కనిపిస్తుందట, పక్కనుంచి వచ్చే దున్నపోతంత మనిషి కనిపించడట! ఎవరికి చెబుతారమ్మా!" అని ఆమె వినేలాగానే అనేవాడు.

"దున్నపోతువైతే కనిపించేవాడివే అన్నయ్యా. మనిషివని దారి ఇచ్చాను" అనేది వదిన. అప్పటికింకా ఆ ఓపిక ఉంది.

నేను కూడా ఓ రోజు, ఊరికే చూద్దామని, ఆమె పక్కగా నడుస్తూ నాలుక బయటపెట్టి వెక్కిరించాను. నిజంగా చూడలేదు. ముందుకే చూస్తూ ఏవో కాలర్ల సంగతి చెబుతోంది. మళ్ళీ ఒకసారి వెక్కిరించి చూశాను. లేదు. ఆ సంగతి వెళ్ళి డాక్టరుతో చెప్పాను.

"నీ నాలుక చూడదగ్గదా ఏమిటి? చూడాలనుకోలేదు, చూడలేదు" అన్నాడు.

వదిన ఆసుపత్రికి తీసుకెళ్ళమని అడగడం మొదలుపెట్టింది. ముందు వారానికోసారి, తర్వాత రోజూ. మా ఇంటి గోడా వాళ్ళింటి గోడా ఒకటే, అందుకని నాకు చెవులు రిక్కించే శ్రమ కూడా ఉండేది కాదు.

"ఒక్కసారి చూపించి వచ్చేద్దామండీ. ఏమీ లేదంటే మీ కాళ్ళకి మొక్కుతాను."

"కళ్ళజోళ్ళ షాపువాడి పెళ్ళాం కళ్ళ కోసం ఇంకోడి దగ్గరికి వెళ్ళిందంటే రేపు నా షాపు మెట్టు ఎవడెక్కుతాడే? వంటవాడి పెళ్ళాం పక్కింట అన్నం అడుక్కున్నట్టుంటుంది!"

"అన్నం లేకపోతే అడుక్కుంటుంది కదండీ."

"ఉంది! నీకు కళ్ళున్నాయి! లేవని నువ్వనుకుంటున్నావు, అందుకే తగ్గుతున్నాయి. నువ్వు అనుకోవడం మానెయ్యి."

"నేననుకోకపోతే గోడ పక్కకి జరుగుతుందాండీ?"

దానికాయన ఏమన్నాడో వినపడలేదు. గిన్నె విసిరిన చప్పుడు మాత్రం వినిపించింది. అది ఎటునుంచి వచ్చిందో వదినకి కనిపించి ఉండదు. మర్నాడు చెంప మీద వాపుతో కాలర్లు పట్టుకొచ్చింది.

ఇలా రెండేళ్ళు దాటాయి. ఈలోగా దర్జీ నోరు ఊరుకోదు కదా. షాపుకొచ్చే వాళ్ళకి దారిలోనే చెప్పడం మొదలెట్టాడు. "సొంత పెళ్ళాం కళ్ళే బాగుచేసుకోలేనివాడు నీ కళ్ళేం బాగుచేస్తాడయ్యా?" అని. బేరాలు పల్చబడ్డాయి. అప్పుడు డాక్టరుకి ఒక ఆలోచన వచ్చింది. అంత పాడు ఆలోచన వెయ్యేళ్ళకొకటి పుడుతుంది, అది మా వీధిలోనే పుట్టాలా!

ఆదివారం పొద్దున వీధిలో అందరి ముందూ వదినని నడిపిస్తాడట. షాపు మెట్టు నుంచి నా బల్ల చివర దాకా అటొకటి ఇటొకటి స్టూళ్ళు పెడతాడట. ఒక్కదానికీ తగలకుండా నడిస్తే అందరి నోళ్ళూ మూతపడతాయి. శనివారం సాయంత్రం వదినకి బేరం పెట్టాడు. గోడవతల నేను విన్నాను.

"రేపొక్కరోజు నా పరువు నిలబెట్టు. సోమవారం నేనే దగ్గరుండి పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను."

"నిజంగానా?"

"మీ నాన్న మీద ఒట్టు."

చీకటి పడకముందే వదిన తడుముకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడామెకి తాళం కప్ప కన్నంలోంచి చూసినంతే కనిపిస్తోందట. ఆ కన్నంలోంచి నా ముక్కు వెతుక్కుని, దానితో మాట్లాడింది.

"అమ్మాయ్, నువ్వు రేపు ఇస్త్రీ చేస్తూ ఉండు. ఎడమ పక్క స్టూలు వస్తుంటే పెట్టెతో బల్ల మీద ఒక దెబ్బ కొట్టు. కుడి పక్కయితే రెండు. ఏమీ లేకపోతే ఊరుకో. ఇది గట్టెక్కిస్తే సోమవారం ఆసుపత్రి."

కొడతానన్నాను. ఎందుకనను? ఆడపడుచు లాంటిదాన్ని.

ఆదివారం వీధి కిటకిటలాడిపోయింది. పంతులుగారు సాదా అద్దాలు తుడుచుకుని ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. డాక్టరు ఆరు స్టూళ్ళు పెట్టాడు. వదిన బంగారు రంగు ఫ్రేము పెట్టుకుని మెట్టు దిగింది. నేనొక తెల్లచొక్కా పరిచి పెట్టె ఎత్తాను. టక్. ఆమె కుడికి జరిగింది. టక్ టక్. ఎడమకి జరిగింది. తల తిప్పలేదు, చేతులు చాపలేదు, కాలు తడబడలేదు. మహారాణి నడిచినట్టు నడిచింది. మూడో స్టూలు దగ్గర దర్జీ కావాలని కాలితో దాన్ని లోపలికి తోశాడు. నేను మూడు దెబ్బలు కొట్టాను, కంగారులో. మూడంటే ఏమిటో మేము అనుకోలేదు. వదిన ఆగింది. ఒక్క అడుగు వెనక్కి వేసి, పక్కనుంచి తిరిగి, వెళ్ళిపోయింది. నా బల్ల అంచు చేతికి తగలగానే వేళ్ళు దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, గోళ్ళు తెల్లబడ్డాయి.

చప్పట్లు! ఈలలు! దర్జీ తల దించుకున్నాడు. డాక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆనందంతో. ఆ చొక్కా మీద మాత్రం నా పెట్టె దెబ్బలకి గోధుమరంగు మచ్చలు పడ్డాయి. దాని గురించి వేరే గొడవ జరిగింది, అది ఇక్కడెందుకు.

సోమవారం తెల్లారగానే వదిన తల దువ్వుకుని, చేతిసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికే?" అన్నాడాయన.

"ఆసుపత్రికి. నిన్న ఒట్టేశారుగా."

"నిన్న నడిచావుగా?"

"అమ్మాయి పెట్టెతో చప్పుడు చేసిందండీ. అది విని నడిచాను."

ఆయన పకపకా నవ్వాడు. "ఇస్త్రీపెట్టె చప్పుడు విని ఆరు స్టూళ్ళు దాటేవాళ్ళుంటారా? మూడో స్టూలు వాడు జరిపితే కూడా దాటావు. చప్పుడు చెప్పిందా అది? నువ్వు చూశావే పిచ్చిదానా! పరువు కోసమని చూడాలనుకున్నావు, చూశావు. నేనన్నది అదేగా ఇన్నేళ్ళూ!"

నన్ను పిలిచి అడిగాడు. వదిన చెప్పింది నిజమేనన్నాను. "నువ్వు కొట్టినట్టు నువ్వనుకున్నావు" అన్నాడు. అటువంటివాడికి ఎవరేం చెబుతారు? నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. ఈయన నటించనూ లేదు. అదే తంటా. నిజంగా నమ్మేశాడు.

నన్నేం అనకండి. అడిగింది వదిన, కొట్టింది నేను. కొట్టకపోతే పడేది. పడి ఉంటే ఏమయ్యేదో నాకూ తెలుసు.

అయిదు నెలలు గడిచాయి. ఒక పొద్దున వదిన సూదిలో దారం ఎక్కించబోయింది. సూది లేదు. చేతిలోనే ఉంది, కానీ లేదు. బొటనవేలితో తడిమి మొన పట్టుకుంది, రక్తం వచ్చింది. అది కూడా కనపడలేదు. అప్పుడు అరిచిన అరుపుకి డాక్టరు కోటు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు.

ఆసుపత్రికి నేనూ తోడు వెళ్ళాను. కంటి డాక్టరమ్మ, నిజం డాక్టరమ్మ, వదిన తలని పెద్ద తెల్లటి గిన్నెలాంటి మిషన్లో పెట్టించింది. లోపల వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కమంది. పావుగంట కూర్చుంది వదిన. మిషను టిక్కు టిక్కుమని చుక్కలు వేస్తూనే ఉంది. ఆమె రెండుసార్లు నొక్కింది.

"సరిగ్గా చూసి నొక్కవే" అని ఈయన వెనకనుంచి సణిగాడు. "నొక్కాలనుకుని నొక్కు."

డాక్టరమ్మ ఆయన్ని బయట నిలబెట్టింది.

చివర్లో ఆ మిషను ఒక కాగితం కక్కింది. కాగితం నిండా నలుపు. మధ్యలో ఒక చోట కందిగింజంత తెలుపు.

"సిరా ఎక్కువ పడినట్టుందండీ" అన్నాడు మా డాక్టరు.

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "కంటి లోపల నీటి ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయింది. మెల్లగా వచ్చే జబ్బు. పోయింది తిరిగి రాదు. మొదట్లో వచ్చుంటే చుక్కల మందుతో ఉన్న చూపు నిలబెట్టేవాళ్ళం. ఎంతకాలంగా చెబుతోంది ఈమె?"

"మూడేళ్ళు" అంది వదిన.

"చార్టు మొత్తం చదివిందండీ!" అన్నాడు ఈయన. కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెయ్యెత్తి చెప్పాడు. "కింది వరస! తిరగేసి కూడా!"

"చదువుతుంది. ఈ జబ్బు చుట్టూ తినుకుంటూ వచ్చి మధ్యని ఆఖరున తింటుంది. అద్దాల షాపుల వాళ్ళు కూడా ఇది తెలిసి పంపిస్తారే మాకు. మీరేం చేస్తుంటారు?"

ఆయన నా వైపు చూశాడు. నేను గోడమీది గడియారం వైపు చూశాను. "వ్యాపారం" అన్నాడు.

ఆ తర్వాతి ఎండాకాలానికి ఆ కందిగింజ కూడా పోయింది.

వదిన ఏడుస్తుందని వీధంతా ఎదురుచూశాం. ఏడవలేదు. ఓ రోజు పొద్దున్నే చక్కగా తయారై, బంగారు రంగు ఫ్రేము పెట్టుకుని, షాపులో గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరైనా వస్తే పలకరించేది.

"రండి రండి. ఎర్రచొక్కా బాగుందండీ మీకు."

వచ్చినాయన తన తెల్లచొక్కా చూసుకున్నాడు.

"ఏవండీ, ఎర్రచొక్కాయే కదూ?" అంది మొగుడితో, నవ్వుతూ.

ఆయన నోరు తెరిచాడు. కాదంటే పెళ్ళానికి కళ్ళు లేవని బేరగాడి ముందు చెప్పినట్టు. అవునంటే...

"అవును. ఎరుపే" అన్నాడు.

వచ్చినాయన మెల్లగా మెట్టు దిగిపోయాడు. మర్నాడు ఇంకొకామె వస్తే "బుజ్జిగాడు ముద్దుగా ఉన్నాడు, ఎన్నో నెల?" అంది. ఆమె చంకలో ఉన్నది చేతిసంచి. "కదండీ?" అంది. "ముద్దుగా ఉన్నాడు" అన్నాడాయన. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. నెల తిరిగేసరికి షాపులో బేరాల కంటే ఈగలు ఎక్కువయ్యాయి. దర్జీ మాత్రం రోజుకి రెండుసార్లు వచ్చి "ఢీ వదినా, నా తలకి కిరీటం ఎలా ఉంది?" అని అడిగి, ఈయన చేత "బాగుంది" అనిపించుకుని వెళ్ళేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన తట్టుకోలేకపోయాడు. షాపు తలుపు వేసుకుని ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. తలుపు వేసినా కిటికీ ఉంటుందిగా, నేను చూశాను.

"నీకు కనపడదే. నేనే పోగొట్టాను. నన్ను తిట్టు, కొట్టు, ఏదన్నా చెయ్యి. ఈ ఆట మాత్రం ఇలా ఆడకు."

వదిన చెయ్యి చాచి ఆయన తల వెతుక్కుని, పిల్లాడి జుట్టు సవరించినట్టు సవరించింది.

"మీ ఒప్పుకోలు నేనేం చేసుకోనండీ? కంట్లో వేసుకునే చుక్కల మందా? అది మూడేళ్ళ కిందట పనికొచ్చేది. నాకిప్పుడు తోడు కావాలి. లోపల ఒక్కదాన్నే ఉన్నాను. నేను చూసేది ఇకనుంచి మీరూ చూడండి. ఒక్క మాట కాదన్నారో, నేను వెళ్ళి పంతులుగారి దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కళ్ళకీ చెబుతాను, వాళ్ళ ముక్కుల మీద ఏముందో."

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక?

అది మొదలు. అన్నం మాడితే ఆమె బాగుందంటే బాగుంది. పట్టపగలు లైటు వేసుకోమంటే వేసుకోవాలి, చీకట్లో ఎందుకండీ లైటు దండగ అంటే ఆర్పేసి ఆయన కూడా గోడలు తడుముకోవాలి. మొదట్లో పళ్ళబిగువున చేసేవాడు. పోనుపోను ఆ బిగువు కూడా పోయింది. ఓసారి నా దగ్గరికి ప్యాంటు తెచ్చి "చెల్లాయ్, ఇది నలుపేనా?" అని అడిగాడు. నలుపే అన్నాను. "ఇంట్లో పసుపంటోంది" అన్నాడు. నవ్వడానికేనేమో అనుకున్నాను. ఆయన నవ్వలేదు. ప్యాంటుని వెలుతురులో పెట్టి చూస్తూ ఉండిపోయాడు.

మొన్న వానాకాలంలో సంగతి. మబ్బు పట్టింది, చినుకులు మొదలై, చూస్తుండగానే వీధి కాలవైపోయింది. అందరం సామాన్లు లోపలికి లాక్కుంటున్నాం. వదిన ఎదురుగా గుమ్మంలో కూర్చుని, మొహం పైకెత్తి, చెవులు రిక్కించి వింటోంది. కళ్ళు లేకపోతే ఏం, ఆ రేకుల మీద పడే వాన చెవిటివాడికి కూడా తెలుస్తుంది.

"ఏవండీ, ఎండ ఎంత బాగా కాస్తోందో! లోపలే ఉంటే కీళ్ళు పట్టేస్తాయి. కాసేపు అలా కుర్చీ వేసుకుని ఎండలో కూర్చోకూడదూ?"

ఆయన కుర్చీ పట్టుకుని బయటికి వచ్చాడు. వీధి మధ్యలో వేసుకున్నాడు. కూర్చున్నాడు. వాన నెత్తిన దిమ్మరించేస్తోంది. తెల్లకోటు ఒంటికి అతుక్కుపోయి లోపలి ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

"అన్నయ్యా! తడిసిపోతున్నావు! లోపలికి రా!" అని కేకేశాను.

ఆయన నా వైపు తిరిగాడు. కళ్ళలోకి నీళ్ళు కారుతుంటే ఆర్పుతూ, మబ్బు వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "మీ వదిన ఎండంటోంది" అన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

దర్జీ కూడా ఆ రోజు నవ్వలేదు. "ఎవరన్నా గొడుగు పట్టండయ్యా" అన్నాడు, తన కొట్టులోంచి కదలకుండానే. నా దగ్గర గొడుగుంది. అయితే నా బల్ల మీద పదిహేను పెళ్ళిబట్టలున్నాయి, అవి తడిస్తే నా పని ఏం గాను? ముందు వాటిని లోపలికి లాక్కున్నాను.

అరగంట. గంట. వాన తగ్గలేదు. ఆయన లేవలేదు. చివరికి వదిన గోడ పట్టుకుని మెట్టు దిగి, నీళ్ళలో అడుగులు లెక్కపెట్టుకుంటూ, తనూ తడుస్తూ ఆయన దాకా వచ్చింది. చెయ్యి చాచి భుజం వెతుక్కుంది. కోటు చెయ్యి పట్టుకుని గట్టిగా పిండింది. ధారగా కారింది.

"అయ్యో, ఎంత చెమట పట్టిందండీ!" అంది.

ఆయన మొహం ఎత్తి ఆమె వైపు చూశాడు.

"అవునే. ఉక్కగా ఉంది" అన్నాడు.